తీసేయడమా, మిగల్చడమా: మెనిస్కస్ అరుదైన లోపాలకు శస్త్రచికిత్స

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మోకాలి నొప్పి మాట వచ్చినప్పుడు జనం నోట సాధారణంగా రెండే కారణాలు వినిపిస్తాయి. వయసు మళ్లినవారికైతే ‘గుజ్జు అరిగింది’ అంటారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వంటి ఫ్లోరైడ్ పీడిత మండలాల్లోనైతే వయసుతో నిమిత్తం లేకుండా ‘నీళ్లతో వచ్చిన నొప్పి’ అంటారు. రెండు మాటలకూ ఆధారం ఉంది. అయితే ఈ రెండింటిలోనూ ఇమడని మోకాళ్లు కొన్ని ఉంటాయి. ఏ దెబ్బా తగలకుండానే ఏడెనిమిదేళ్ల పిల్లవాడి మోకాలు నడిచినప్పుడల్లా టక్కుమంటుంది, కాలు పూర్తిగా చాచడం అతనికి సాధ్యపడదు. పల్లి చేనులో గొంతుకూర్చుని కలుపు తీస్తున్న నలభై అయిదేళ్ల స్త్రీ లేవబోతుండగా మోకాలి వెనక పటుక్కుమంటుంది, ఆ రోజు నుంచి మెట్టు ఎక్కడమే కష్టమవుతుంది. ఒక యువకుడికి మోకాలి బయటి పక్కన కుంకుడుకాయంత గడ్డ కనిపిస్తుంది, అది మోకాలు పూర్తిగా మడిస్తే మాయమై చాచబోతే పైకి వస్తుంది. మూడింటికీ మూలం మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌లోనే ఉండవచ్చు. మూడింటికీ చేసే శస్త్రచికిత్స మాత్రం ఒకటి కాదు.

ముందుగా ‘గుజ్జు’ అనే మాట తెచ్చే గందరగోళాన్ని తొలగించుకోవాలి. ఎముకల కొనలకు అంటుకుని ఉండే నున్నటి మృదులాస్థి పొరనూ గుజ్జు అంటారు, ఆ కొనల మధ్య విడిగా అమరి ఉండే మెనిస్కస్‌నూ గుజ్జు అనే అంటారు. మొదటిది పూర్తిగా అరిగిపోయిన వృద్ధుల విషయంలోనే మోకీలు మార్పిడి ప్రస్తావన వస్తుంది. రెండవది చిరిగినా, ఊడినా, పుట్టుకతోనే వింత ఆకారంలో ఉన్నా ఆలోచించవలసిన తీరు వేరు. బొక్కల డాక్టరు ‘గుజ్జు దెబ్బతిన్నది’ అన్నప్పుడు ఏ గుజ్జు అని అడగడం రోగి హక్కు, అడిగితే చికిత్స దిశ కూడా చాలావరకు తేలిపోతుంది.

ప్రతి మోకాలిలోనూ లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి చొప్పున రెండు మెనిస్కస్‌లు ఉంటాయి. లోపలిది సగం చంద్రవంకలా తెరుచుకుని ఉంటే, బయటిది దాదాపు మూసుకున్న వలయంలా ఉంటుంది. వీటిలోని కొల్లాజెన్ నారలు ఎక్కువగా అంచు వెంట చుట్టూ తిరిగి ఉంటాయి. ఎడ్లబండి చక్రానికి బిగించిన ఇనుప పట్టా ఎలా పనిచేస్తుందో ఇవీ అలాగే పనిచేస్తాయి: పైనుంచి బరువు పడినప్పుడు మెనిస్కస్ బయటికి జారబోతుంది, చుట్టూ ఉన్న నారలు బిగుసుకుని దానిని ఆపుతాయి, ఆ బిగువులోనే బరువు విస్తరించి ఎముక మీద ఒకే చోట పడకుండా ఉంటుంది. కాలు చాచి నిలబడినప్పుడు కీలు మీద పడే బరువులో సుమారు 50 శాతం, 90 డిగ్రీలు మడిచినప్పుడు సుమారు 85 శాతం మెనిస్కస్‌ల గుండానే కిందికి చేరుతుంది. నేల మీద కూర్చుని తినే, గొంతుకూర్చుని పనిచేసే, మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కే మనుషులున్న నేలలో ఈ రెండవ అంకెకు విలువ ఎక్కువ.

ఇంత పనిచేసే కణజాలాన్ని వైద్యం చాలాకాలం అనవసరపు అవశేషంగా చూసింది. ఎడింబరోలో థామస్ అనండేల్ 1883లోనే చిరిగిన మెనిస్కస్‌ను కుట్టి అతికించినా, ఆ తరవాతి దశాబ్దాలలో మోకాలు తెరిచి మెనిస్కస్‌ను మొత్తంగా తీసేయడమే ఆనవాయితీ అయింది. అలా తీసేసిన మోకాళ్లలో కొన్నేళ్లకు కీలు సందు తగ్గడం, ఎముక అంచు చదునవడం, గట్టులాగా పెరగడం వంటి మార్పులను ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జన్ 1948లో ఎక్స్‌రేల ఆధారంగా వివరించాడు. ఆ హెచ్చరిక తలకెక్కడానికి మరో రెండు మూడు దశాబ్దాలు పట్టింది. జపాన్‌లో మసాకి వతనబే 1962లో ఆర్థ్రోస్కోప్ (చిన్న రంధ్రం గుండా కీలులోకి పంపి చూసే గొట్టం) సాయంతో చిరిగిన భాగాన్ని మాత్రమే తొలగించి చూపాడు. 1982లో ఆర్నోస్కీ, వారెన్ అనే పరిశోధకులు మెనిస్కస్‌కు రక్తం అందేది బయటి అంచులోని పది నుంచి ముప్ఫై శాతం మేరకే అని చూపడంతో ఏ చిరుగు అతుకుతుంది, ఏది అతకదు అనే లెక్కకు ఒక శరీరశాస్త్ర ఆధారం దొరికింది. రక్తం అందే అంచున ఉన్న చిరుగును కుట్టవచ్చు. లోపలి తెల్లని భాగంలో ఉన్నదాన్ని చాలాసార్లు కత్తిరించక తప్పదు. అరుదైన లోపాల విషయంలో ఈ సూత్రం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అక్కడ కణజాలమే మామూలుది కాదు.

మొదట చెప్పిన పిల్లవాడి మోకాలిలో ఉండేది సాధారణంగా డిస్కాయిడ్ మెనిస్కస్, అంటే చంద్రవంకలా ఉండవలసింది బిళ్లలా ఉండడం. జొన్నరొట్టెను నడిమి నుంచి తిని అంచు మిగిల్చినట్టు ఉండవలసిన చోట రొట్టె మొత్తంగా మిగిలిందనుకోవచ్చు, పైగా ఆ రొట్టె మందం కూడా ఎక్కువ. శవపరీక్షలో దీనిని యంగ్ 1889లో మొదటిసారి వర్ణించాడు. గర్భంలో మెనిస్కస్ మొదట బిళ్లలాగే ఉండి, తరవాత మధ్యభాగం కరిగి చంద్రవంక అవుతుందనీ, ఆ కరగడం ఆగిపోతే ఈ లోపం వస్తుందనీ చాలాకాలం అనుకున్నారు. పిండం ఎదుగుదలలో ఏ దశలోనూ మెనిస్కస్ బిళ్లలా ఉండదని కాప్లాన్ 1957లో వాదించిన తరవాత ఆ సిద్ధాంతం బలహీనపడింది. ఇది దాదాపు ఎప్పుడూ బయటి మెనిస్కస్‌లోనే కనిపిస్తుంది, లోపలి పక్కన రావడం అరుదులో అరుదు. పాశ్చాత్య దేశాలకన్నా తూర్పు ఆసియాలో, ముఖ్యంగా జపాన్, కొరియాలలో, ఎక్కువగా నమోదైంది. చెప్పుకోదగ్గ సంఖ్యలో పిల్లలకు రెండు మోకాళ్లలోనూ ఉంటుంది.

వతనబే దీనిని మూడు రకాలుగా విభజించాడు. కింది ఎముక పైనున్న పళ్లెం వంటి తలాన్ని మొత్తం కప్పేది సంపూర్ణ రకం, కొంతవరకే కప్పేది అసంపూర్ణ రకం. మూడవదైన రిస్‌బర్గ్ రకం ఆకారంలో దాదాపు మామూలుగానే ఉండవచ్చు గానీ, దాని వెనక భాగానికి కింది ఎముకతో ఉండవలసిన పట్టు ఉండదు. తొడ ఎముకకు పోయే రిస్‌బర్గ్ లిగమెంట్ అనే కట్టు ఒక్కటే దానిని పట్టుకుని ఉంటుంది. కాలు చాచినప్పుడల్లా ఆ వెనక కొమ్ము (చంద్రవంక వెనక కొస) కీలు మధ్యకు లాగబడి, మళ్లీ చటుక్కున వెనక్కి పోతుంది. పిల్లవాడి తల్లి వినే ‘టక్’ శబ్దానికి ఇదొక ప్రధాన కారణం. ఇప్పటి సర్జన్లు ఈ మూడు పేర్లకన్నా, అంచు ఎక్కడైనా ఊడి ఉందా అన్న ప్రశ్నకే ఎక్కువ విలువ ఇస్తున్నారు. 2004లో అమెరికాలో వెలువడిన 128 మోకాళ్ల పరిశీలనలో సుమారు 28 శాతం డిస్కాయిడ్ మెనిస్కస్‌ల అంచుకు పట్టు లేదనీ, ఆ ఊడుపాటు వెనక కొమ్ము దగ్గరే కాక ముందు కొమ్ము దగ్గర మరింత ఎక్కువగా ఉందనీ తేలడమే దీనికి ఒక కారణం.

ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే జబ్బు) ఉన్న ఊళ్లో ఇలాంటి పిల్లవాడిని చూస్తే పొరపాటు జరగడం తేలిక. అయితే రెండింటి నడక వేరు. ఫ్లోరోసిస్ శరీరమంతటినీ పట్టేది: పళ్ల మీద గోధుమరంగు చారలు, మెడ, నడుము బిగుసుకుపోవడం, ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడడం ఎక్స్‌రేలో కనిపించడం దాని గుర్తులు. ఒకే మోకాలిలో, కాలు కదిపిన ప్రతిసారీ ఒకే కోణం దగ్గర వినిపించే శబ్దం దాని లక్షణం కాదు. డిస్కాయిడ్‌లో ఎక్స్‌రే తరచు మామూలుగానే ఉంటుంది. కొందరిలో మాత్రం బయటి పక్క కీలు సందు వెడల్పుగా, తొడ ఎముక కొన చదరంగా కనబడుతుంది. ఎమ్మారైలో 5 మిల్లీమీటర్ల మందం గల వరస కోతల్లో మూడు లేక అంతకన్నా ఎక్కువ చోట్ల మెనిస్కస్ తెగకుండా కనిపించినా, మధ్యలో దాని వెడల్పు 15 మిల్లీమీటర్లు దాటినా డిస్కాయిడ్ అంటారు. రిస్‌బర్గ్ రకం ఎమ్మారైకి చిక్కకపోవచ్చు. అక్కడ యంత్రంకన్నా వేలి కొసలే నయం.

వేరే కారణానికి తీసిన ఎమ్మారైలో డిస్కాయిడ్ కనబడి, పిల్లవాడికి నొప్పీ, పట్టేయడమూ లేకపోతే ముట్టుకోకూడదు. ఆకారం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదన్నది ఈ విషయంలో అందరూ ఒప్పుకునే మాట. నొప్పి, వాపు, కాలు పూర్తిగా చాపలేకపోవడం, ఆటకు దూరం కావడం ఉన్నప్పుడే ఆర్థ్రోస్కోపీ ఆలోచన వస్తుంది. మోకాలి ముందు భాగంలో రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాని గుండా కెమెరా, మరొకదాని గుండా పరికరం పంపుతారు. పెద్దలకు 4 మిల్లీమీటర్ల కెమెరా సరిపోతుంది. చిన్న పిల్లల కీలు ఇరుకు, పైగా ఆ ఇరుకును మందమైన బిళ్ల నింపి ఉంటుంది కనుక 2.7 మిల్లీమీటర్లది కావలసి రావచ్చు.

బిళ్ల మధ్యభాగాన్ని కొంచెం కొంచెంగా కత్తిరించి, అంచున మామూలు చంద్రవంకను పోలిన భాగాన్ని మిగల్చడాన్ని సాసరైజేషన్ అంటారు. ఎంత మిగల్చాలన్నదే ఇందులోని అసలు ప్రశ్న. చాలామంది సర్జన్లు 6 నుంచి 8 మిల్లీమీటర్ల అంచును లక్ష్యంగా పెట్టుకుంటారు. అంతకన్నా వెడల్పుగా వదిలితే ఆ అస్తవ్యస్తపు కణజాలం మళ్లీ చిరిగే ప్రమాదం ఉంది. మరీ సన్నగా కోస్తే బరువు పంచే పట్టా మిగలదు. డిస్కాయిడ్‌లో నారల అమరిక మామూలుగా ఉండదనీ, అందుకే మందాన్ని పైదీ కిందిదీ అని రెండు పొరలుగా విడదీసే అడ్డ చిరుగులు దానిలో తరచు వస్తాయనీ గుర్తుంచుకుంటే ఈ బేరీజు ఎంత సున్నితమో తెలుస్తుంది. రెండు పొరల్లో చెడినదానిని తీసి రెండవదానిని నిలుపుతారు. కత్తిరించడం పూర్తయ్యాక కొక్కెం వంటి పరికరంతో అంచును ముందు నుంచి వెనకదాకా లాగి చూడడం తప్పనిసరి. ఎక్కడ జారినా కుట్టాలి. ఆకారం సరిచేసి ఊడిన అంచును కుట్టకుండా వదిలేసిన మోకాలు కొన్నాళ్లకు మళ్లీ టక్కుమంటుంది, అప్పుడు తప్పు పిల్లవాడి ఆటల మీదికి పోతుంది.

కుట్టే పద్ధతి చోటును బట్టి మారుతుంది. ముందు కొమ్మును బయటి నుంచి లోపలికి సూదులు దింపి కుడతారు. నడిమి భాగాన్ని లోపలి నుంచి బయటికి, వెనక కొమ్మును పూర్తిగా లోపలే బిగిసే పరికరాలతో కుట్టడం సాధారణం. బయటి మెనిస్కస్ వెనక కొమ్ముకు అతి దగ్గరలోనే మోకాలి పెద్ద రక్తనాళం, కాస్త పక్కగా పాదాన్ని పైకెత్తే నరం ఉన్నందువల్ల అక్కడ వేసే ప్రతి కుట్టుకూ లెక్క ఉండాలి. డిస్కాయిడ్ శస్త్రచికిత్సను తరచుగా చేసే చేతులకే అప్పగించడం మేలనడానికి ఇది ఒక్కటే చాలు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో ఎముకల విభాగపు పరీక్ష కోసం హైదరాబాద్ దాకా పోవలసిన అవసరం తగ్గింది. అయినా పిల్లల మోకాలి ఆర్థ్రోస్కోపీకి రాజధానికి పంపడాన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు.

ఇక్కడ ఈ ప్రాంతానికే చెందిన ఒక విషయాన్ని కాస్త ఆగి చూడాలి. ఫ్లోరోసిస్ ఉన్న గ్రామాల యువకులలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వంకరను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వెల్లడించారు. ఇలాంటి కాలులో శరీరపు బరువు గీత మోకాలి నడిమి నుంచి బయటి పక్కకు జరుగుతుంది. డిస్కాయిడ్ ఉండేదీ బయటి పక్కనే. పైగా అక్కడి కింది ఎముక ఉపరితలం గుంటగా కాక కొంచెం ఉబ్బుగా ఉంటుంది కనుక, ఉబ్బు మీద ఉబ్బు ఆనినట్టు అయి, మెనిస్కస్ పోతే బయటి పక్క లోపలి పక్కకన్నా త్వరగా చెడుతుంది. వంకర కాలున్న పిల్లవాడికి సాసరైజేషన్ చేసి కాలి వంకరను పట్టించుకోకపోతే, సన్నబడిన పట్టా మీదికి మునుపటికన్నా ఎక్కువ బరువును నెట్టినట్టే. అందుకే ఆపరేషన్‌కు ముందు తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే అవసరం. ఎదుగుతున్న పిల్లల్లో తొడ ఎముక కింది కొన లోపలి పక్కన, ఎదుగుదల పొరకు అడ్డంగా చిన్న ప్లేటు బిగించి, బయటి పక్కను ఎదగనిస్తూ వంకరను మెల్లగా సరిచేయవచ్చు. ఎదుగుదల ఆగాక అదే పనికి ఎముకను కోసి తిప్పవలసి ఉంటుంది. ఎమ్మారై ఫిల్ముల కట్టతో వచ్చిన కుటుంబానికి మామూలు ఎక్స్‌రే ఒకటి తీయించుకు రమ్మంటే వింతగా తోచవచ్చు గానీ, ఈ సందర్భంలో చవకైన పరీక్షే ఎక్కువ చెబుతుంది.

చేనులో పటుక్కుమన్న స్త్రీ మోకాలిది వేరే కథ. లోపలి మెనిస్కస్ వెనక కొమ్ము ఎముకకు నాటుకునే వేరు తెగిపోవడం అక్కడ అనుమానించవలసిన విషయం. బండి చక్రపు పట్టాకు అతుకు ఊడితే పట్టా మొత్తం ఉన్నా లేనట్టే అవుతుంది కదా, ఇదీ అంతే. వేరు తెగిన మోకాలిలో ఎముకల మధ్య ఒత్తిడి మెనిస్కస్‌ను మొత్తంగా తీసేసినప్పటి స్థాయికి చేరుతుందనీ, వేరును తిరిగి నాటితే ఒత్తిడి దాదాపు మామూలు స్థితికి వస్తుందనీ శవాల మోకాళ్లపై చేసిన 2008 నాటి ప్రయోగం చూపింది. ఎమ్మారైలో మెనిస్కస్ ఎముక అంచు దాటి 3 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ బయటికి తోసుకురావడం దీని ఆనవాలు. నేల మీద కూర్చునే, గొంతుకూర్చునే అలవాటున్న ఆసియా సమాజాల్లో, నడివయసు స్త్రీలలో ఇది ఎక్కువ. కింది ఎముకలో సన్నని సొరంగం తొలిచి, తెగిన వేరుకు దారాలు వేసి, ఆ సొరంగం గుండా కిందికి లాగి ముందు పక్క చిన్న గుండీతో బిగిస్తారు. మృదులాస్థి అప్పటికే బాగా అరిగిపోయి ఉంటే ఈ శ్రమ వృథా. కాలు దొడ్డిగా వంగి ఉంటే వంకర సరిచేయనిదే కుట్టు నిలవదు. ఇలాంటి స్త్రీకి ‘గుజ్జు అరిగింది, మాత్రలు వాడు’ అని నెలలు గడిపితే, నాటగలిగిన వేరు నాటలేని స్థితికి వస్తుంది. ఈ వ్యాసంలోని లోపాలన్నిటిలోనూ ఆలస్యం వల్ల ఎక్కువ నష్టం చేసేది ఇదే.

యువకుడి గడ్డ సంగతి తేలిగ్గా చెప్పవచ్చు. మెనిస్కస్‌లోని అడ్డ చిరుగు గుండా కీలు ద్రవం బయటికి తోసుకుపోయి తిత్తి కడుతుంది. కొవ్వు గడ్డ అనుకుని పైనుంచి కోసి తీసినా, సూదితో నీరు లాగినా, లోపలి చిరుగు ఉన్నంతకాలం మళ్లీ నిండుతుంది. లోపలి నుంచి చిరుగును చక్కదిద్ది, ఆ దారినే తిత్తిని ఖాళీ చేయడం సరైన పద్ధతి. ఇంకా అరుదుగా మెనిస్కస్‌లోనే చిన్న ఎముక ముక్క ఏర్పడి, ఎక్స్‌రేలో కీలులో ఊడి తిరుగుతున్న ముక్కలా కనబడి తప్పుదారి పట్టిస్తుంది.

ఇవన్నీ చదివాక ఎమ్మారై రిపోర్టులో ‘టేర్’ (చిరుగు) అనే మాట కనబడగానే ఆపరేషన్ అనుకోవడం మరో తప్పు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, యాభై దాటినవారిలో మెనిస్కస్ చిరుగు కనబడిన వారిలో 61 శాతానికి అంతకుముందు నెల రోజుల్లో మోకాలి నొప్పే లేదు. 2013లో ఫిన్లాండ్ వైద్యులు వయసుతో వచ్చిన చిరుగులున్న 146 మందిలో కొందరికి చిరుగు కత్తిరించి, కొందరికి కత్తిరించినట్టు నటించి, ఏడాది తరవాత చూస్తే రెండు వర్గాల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితం పిల్లవాడి డిస్కాయిడ్‌కు గానీ, ఉన్నట్టుండి తెగిన వేరుకు గానీ వర్తించదు. అరుదైన లోపాన్ని వయసు అరుగుదల నుంచి వేరుచేసి గుర్తించడం ఎందుకు ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

సర్జన్ నైపుణ్యం ఎంతటిదైనా, కత్తిరించడమా కుట్టడమా అన్న నిర్ణయంలో రోగి బతుకుతెరువుకూ పాలు ఉంటుంది. కత్తిరింపు మాత్రమే జరిగితే కొద్దిరోజుల్లోనే పాదం మోపి నడవవచ్చు. కుట్టు వేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు కర్రల సాయంతో, బరువు తగ్గించి నడవాలి, మోకాలిని 90 డిగ్రీలు దాటి మడవకూడదు. గొంతుకూర్చోవడం నాలుగు నెలలదాకా వాయిదా వేయాలి, కబడ్డీ వంటి ఆటకు ఆరు నెలలైనా ఆగాలి. నేలమట్టపు మరుగుదొడ్డి మాత్రమే ఉన్న ఇంట్లో ఈ 90 డిగ్రీల నియమమే తప్పుతుంది. కుర్చీ లాంటి అమరిక ముందే చూసుకోవాలి. దసరా దాటగానే మేస్త్రీ వెంట పనికి తరలిపోయే పాలమూరు కూలీ ‘తొందరగా నడిచేదే చెయ్యండి సారూ’ అంటాడు. అతనికి తొందరగా నడిపించే ఆపరేషన్, పదేళ్ల తరవాత మోకాలిని ముందుగా చెడగొట్టేది కావచ్చు. ఆ సంగతి అతనికి అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పి, పని లేని కాలం చూసి తేదీ ఇవ్వడం వైద్యంలో భాగమే.

ఇక డిశ్చార్జి కాగితం. చాలా కాగితాల మీద ‘మెనిస్కస్ ఆపరేషన్’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎంత తీశారు, ఎన్ని మిల్లీమీటర్ల అంచు మిగిలింది, ఎక్కడ ఎన్ని కుట్లు పడ్డాయి, కీలు మృదులాస్థి ఎలా ఉంది అన్న నాలుగు వివరాలు రాయించుకోవాలి, కెమెరా ఫొటోలు తీసుకుని భద్రపరచుకోవాలి. డిస్కాయిడ్ తీసిన తరవాత తొడ ఎముక బయటి కొన మీది మృదులాస్థి ముక్కగా విడిపోయే సమస్య కొందరు పిల్లల్లో తలెత్తుతుంది కనుక, మళ్లీ నొప్పి వస్తే చూసే డాక్టరుకు ఆ వివరాలే ఆధారం. డిస్కాయిడ్ రెండు మోకాళ్లలోనూ ఉండవచ్చు కనుక, బాగున్న రెండవ మోకాలిని కూడా అదే రోజు చేతితో మడిచి చాచి చూడమని అడగాలి.